ప్రభుత్వాసుపత్రిలో ఉచిత కాన్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పు ఖర్చు గురించి వచ్చే సందేహాల్లో సగం ఒకే చోట చిక్కుపడతాయి. సేవ వేరు, నగదు వేరు. సర్కారు దవాఖానాలో ఉచితంగా కాన్పు చేయించుకోవడానికి ఏ కార్డూ అక్కర్లేదు. బ్యాంకు ఖాతాలో పడే డబ్బుకు మాత్రం పథకాన్ని బట్టి అర్హతలు, కాగితాలు, గడువులు ఉంటాయి. ఈ రెండూ కలిపేసుకుని, రేషన్ కార్డు లేదు కదా అని అప్పు చేసి నర్సింగ్ హోముకు పోయే కుటుంబాలు ఇప్పటికీ కనబడతాయి. కింది జవాబులు రెండు తెలుగు రాష్ట్రాలను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

ఉచితం అంటే ఏమేమి ఉచితం?

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రికి వచ్చిన ప్రతి గర్భిణికీ ఇవి ఉచితం: ఓపీ చీటీ నుంచి డిశ్చార్జి దాకా అన్ని ఫీజులు, మామూలు కాన్పు, సిజేరియన్, మందులు, సెలైన్లు, సూదులు, గ్లవ్స్, కుట్లు వేసే దారం, రక్త మూత్ర పరీక్షలు, స్కానింగ్, అవసరమైతే రక్తం. మామూలు కాన్పయితే 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజులు తల్లికి భోజనం పెట్టాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి ఇంకో ఆసుపత్రికి పంపితే అక్కడికి, డిశ్చార్జి తర్వాత ఇంటికి బండి కూడా ఇందులోదే.

బిడ్డ జబ్బు పడితే మొదట 30 రోజుల వరకే ఉచితం అన్నారు, తర్వాత ఏడాది వరకు పొడిగించారు. కాన్పుకు ముందు, తర్వాత తల్లికి వచ్చే ఇబ్బందుల వైద్యాన్నీ చేర్చారు.

ఇందులో తెలియక వదిలేసేది ఎక్కువగా భోజనం. వార్డుకు క్యారియర్ మోసుకొచ్చే అమ్మలను చూస్తే, ఆసుపత్రిలో డైట్ ఇస్తారన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదని అర్థమైపోతుంది.

రేషన్ కార్డు లేదు, ఆధార్‌లో అడ్రసు వేరే ఊరిది. చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. పైన చెప్పిన హక్కుకు ఆదాయ పరిమితి లేదు, ఫలానా మండలం వాళ్లకే అన్న హద్దూ లేదు. నొప్పులతో వచ్చిన మనిషిని కాగితాల కోసం వెనక్కి పంపడం తప్పు. 1989లో పర్మానంద్ కటారా కేసులో, ఆపదలో వచ్చిన రోగికి ముందు వైద్యం అందించాలని సుప్రీంకోర్టు తేల్చింది. 2010లో ఢిల్లీ హైకోర్టు లక్ష్మీ మండల్ కేసులో, గర్భిణి వైద్యం ఆమె జీవించే హక్కులో భాగమని చెప్పింది. పేదరికాన్ని రుజువు చేసుకునే కాగితాల బరువు ఆమె మీదే పడుతున్న తీరును తప్పుపట్టింది.

కౌంటర్ దగ్గర వాదన పెట్టుకోవద్దు. "మేడమ్, నొప్పులు వస్తున్నాయి, ముందు చూడండి, ఆధార్ తర్వాత తెస్తాం" అని సూటిగా లేబర్ రూమ్ వైపు నడవండి. కాగితాల పని వెంట వచ్చినవాళ్లు తర్వాత చూసుకోవచ్చు.

మూడో కాన్పు అంటే ఉచితం వర్తించదా?

వైద్యానికి కాన్పుల లెక్క లేదు. ఆసుపత్రి కాన్పుకు ఇచ్చే జననీ సురక్షా యోజన నగదుకు ఒకప్పుడు 19 ఏళ్లు నిండాలి, రెండు కాన్పులకే అన్న షరతులుండేవి. వాటిని 2013లో ఎత్తేశారు. పీఎం మాతృ వందన లాంటి వేరే పథకాలకు మాత్రం లెక్క ఉంది, అది కింద చూడండి.

18 నిండని అమ్మాయి కాన్పుకు వస్తే ఆసుపత్రి పోలీసులకు తెలియజేయాలి, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం ప్రకారం అది తప్పదు. ఆ భయంతో ఇంట్లోనే పురుడు పోయాలని చూడటం మాత్రం ప్రాణం మీదకు తెస్తుంది. చిన్న వయసులో గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం), కాన్పు కష్టమవడం ఎక్కువ. పోలీసులకు చెప్పడం వేరు, వైద్యం చేయడం వేరు. మొదటిది ఉందని రెండోది ఆపకూడదు.

పేరు ఎప్పుడు రాయించుకోవాలి?

నెల తప్పిందని తెలియగానే. 12 వారాల్లోపు నమోదైతే మిగతావన్నీ సులువు. పద్ధతి ఇది:

మీ వీధి ఆశా కార్యకర్తకు గానీ, ఉపకేంద్రంలో ఏఎన్‌ఎంకు గానీ చెప్పండి. చివరి నెలసరి మొదటి రోజు ఏ తేదీనో గుర్తు తెచ్చుకుని వెళ్లండి. "సంక్రాంతి తర్వాత రెండు రోజులకు" అన్నా చాలు, తేదీ కట్టుకుంటారు. ఆధార్, ఫోన్ నంబరు, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు ఇవ్వండి. అప్పుడు తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు, దాన్నే ఎంసీపీ కార్డు అంటారు. 12 అంకెల ఆర్‌సీహెచ్ నంబరు కూడా వస్తుంది. ఆ నంబరు కార్డు మీద రాశారో లేదో అక్కడే చూసుకోండి. ఆ గడి ఖాళీగా ఉంటే రాయించుకునే దాకా కదలవద్దు. తర్వాత ప్రతి చోటా అడిగేది అదే.

ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా ఇక్కడ పేరు రాయించుకోవచ్చు. ఒకటి చేస్తే ఇంకొకటి పోదు.

ఎన్నిసార్లు చూపించుకోవాలి? ఏం పరీక్షలు చేస్తారు?

కనీసం నాలుగుసార్లు: 12 వారాల్లోపు, 14 నుంచి 26 వారాల మధ్య, 28 నుంచి 34 మధ్య, 36 తర్వాత. ప్రతిసారీ బరువు, బీపీ, మూత్రంలో అల్బుమిన్, రక్తశాతం (హిమోగ్లోబిన్) చూడాలి. ఒక్కసారైనా బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బీ పరీక్షలు జరగాలి. షుగర్‌కు 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భిణీ షుగర్. మొదటిసారి మామూలుగా వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించాలి.

ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకా రెండు డోసులు, మధ్య 4 వారాలు. కిందటి కాన్పు మూడేళ్లలోపే అయి, అప్పుడు రెండూ పడి ఉంటే ఈసారి ఒక బూస్టర్ సరిపోతుంది.

ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టరే స్వయంగా గర్భిణులను చూస్తారు. నాలుగో నెల దాటాక ఒక్కసారైనా ఆ రోజు వెళ్లండి. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లడం మంచిది. వెంట తినడానికేదైనా పెట్టుకోండి.

ఐరన్ మాత్రలు పడటం లేదు. మానేయొచ్చా?

మానకండి, వేసుకునే పద్ధతి మార్చండి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180, కాన్పయ్యాక మళ్లీ 180 మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వికారం పుడితే రాత్రి అన్నం తిన్న గంటకు వేసుకుని పడుకోండి. విరేచనం నల్లగా రావడం మామూలే. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు పెంచండి.

అసలు పొరపాటు వేరే చోట జరుగుతుంది. కాల్షియం మాత్ర రోజుకు రెండు ఇస్తారు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు. ఐరన్, కాల్షియం రెండూ ఒకే గుక్కలో మింగితే ఐరన్ ఒంటికి పట్టదు. మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. టీ, కాఫీతో వేసుకున్నా అంతే. "ఆరు నెలలుగా మింగుతున్నా రక్తం పెరగలేదు" అనేవాళ్లను ఏ పూట ఏది వేసుకుంటున్నారని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఇదే. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇంకా బాగా పడుతుంది. నాలుగో నెల దాటాక నులిపురుగులకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి అక్కడే వేయిస్తారు.

రక్తశాతం 11 కంటే తక్కువైతే రక్తహీనత. 7 కంటే తగ్గితే మాత్రలతో కాలక్షేపం చేయకుండా ఆసుపత్రిలో చేరాలి. మధ్యలో ఉండి మాత్రలకు పెరగకపోతే నరానికి ఐరన్ ఇంజెక్షన్ ఎక్కిస్తారు, అదీ ఉచితమే.

స్కానింగ్ బయట చేయించుకోమంటున్నారు. ఎందుకు?

రేడియాలజిస్టు లేకపోవడం, మిషన్ చెడిపోవడం, లేదా వరస నెల తర్వాత రావడం. బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య జరగాలి కాబట్టి, నెల ఆలస్యమైతే దాని ప్రయోజనమే పోతుంది. అందుకని 14వ వారంలోనే తేదీ అడిగి కార్డు మీద రాయించుకోండి. తెలంగాణలో 2022 చివర్లో 44 ప్రభుత్వాసుపత్రులకు టిఫా మిషన్లు ఇచ్చారు. మీ పీహెచ్‌సీ నుంచి ఏ ఆసుపత్రికి రాస్తారో డాక్టరును అడగండి.

ఆడో మగో చెప్పమని అడగవద్దు. 1994 చట్టం ప్రకారం అడిగినా చెప్పినా నేరమే.

ఏ ఆసుపత్రిలో కాన్పు చేయించుకోవాలి?

అన్నీ సవ్యంగా ఉంటే, 24 గంటలూ స్టాఫ్ నర్సు ఉండే పీహెచ్‌సీలో మామూలు కాన్పు బాగానే జరుగుతుంది. ఇల్లు దగ్గర, రద్దీ తక్కువ. ఆపరేషన్, రక్తం ఎక్కించడం మాత్రం అక్కడ జరగవు. వాటికి మత్తు డాక్టరు, రక్తనిధి ఉన్న ఏరియా ఆసుపత్రికో జిల్లా ఆసుపత్రికో పోవాలి.

కిందివాటిలో ఏ ఒక్కటున్నా మొదటి నుంచే పెద్దాసుపత్రిని అనుకోండి: కిందటిసారి సిజేరియన్, కవలలు, బిడ్డ అడ్డంగా లేదా ఎదురుకాళ్లతో ఉండటం, మాయ కిందికి ఉండటం, బీపీ, షుగర్, గుండె జబ్బు, రక్తశాతం 7 లోపు, నెగెటివ్ గ్రూపు, కిందటి కాన్పులో బాగా రక్తం పోవడం, బిడ్డ దక్కకపోవడం, ఎత్తు బాగా తక్కువ. హైదరాబాద్‌లో పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రి, విశాఖలో ఘోషాసుపత్రి, కేజీహెచ్, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి ఇలాంటి కేసులు రోజూ చూసేవి. పెద్దాసుపత్రిలో మంచం దొరక్క ఇద్దరిని ఒకే మంచం మీద పడుకోబెట్టే రోజులుంటాయి. ఆ ఇబ్బంది ఉన్నా, రాత్రి రెండు గంటలకు ఆపరేషన్ థియేటర్ తెరిచి ఉండటం దానికన్నా ముఖ్యం.

నెగెటివ్ గ్రూపు తల్లికి 28 వారాలప్పుడు, మళ్లీ బిడ్డ పాజిటివ్ అయితే పుట్టిన 72 గంటల్లోపు యాంటీ డీ ఇంజెక్షన్ పడాలి. ఖరీదైన మందు, అన్ని చోట్లా నిల్వ ఉండదు. మీ ఆసుపత్రిలో ఉందో లేదో ఏడో నెలలోనే అడగండి.

తొలి కాన్పు పుట్టింట్లో. కార్డు అత్తగారి ఊరిది. ఏం చేయాలి?

మన దగ్గర సగం గందరగోళం ఇక్కడే పుడుతుంది. పుట్టింటికి వచ్చాక అక్కడి ఏఎన్‌ఎం కొత్తగా పేరు రాస్తే ఒకే మనిషికి రెండు నంబర్లు వస్తాయి. అప్పుడు ఒక ఊళ్లో చెకప్‌లు, ఇంకో ఊళ్లో కాన్పు నమోదై, రెండు చోట్లా రికార్డు సగమే ఉంటుంది. డబ్బు ఆగేది అందుకే.

ఏడో నెలలో శ్రీమంతం అయ్యి వచ్చిన వారంలోపే పాత కార్డుతో పుట్టింటి ఏఎన్‌ఎంను కలవండి. "కొత్త నంబరు వద్దమ్మా, ఇదే నంబరు మీద ఎక్కించండి" అని అడగండి. అంగన్‌వాడీలో గుడ్లు, పాలు, భోజనం కూడా అక్కడికి మార్చుకోవచ్చు. కాన్పయ్యాక అత్తగారింటికి వెళ్లేటప్పుడు బిడ్డ టీకాల పేజీ నిండి ఉందో లేదో చూసుకోండి.

నొప్పులు మొదలయ్యాయి. 108కా, 102కా?

నొప్పులకు, రక్తస్రావానికి, ఫిట్స్‌కు 108. అందులో టెక్నీషియన్, కాన్పు సామాను, ఆక్సిజన్ ఉంటాయి. ఇంటికి దింపడానికి 102. తెలంగాణలో దాన్ని అమ్మ ఒడి వాహనం అంటారు, చెకప్‌లకూ వస్తుంది. ఆంధ్రలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్.

ఫోన్‌లో ఊరు, మండలం, దగ్గరి గుర్తు, ఎన్నో నెల, ఎన్నో కాన్పు, ఉమ్మనీరు పోయిందా, రక్తం పోతోందా, ఇవి చెప్పండి. "తొందరగా రండి" అని పదిసార్లు అనేకన్నా "రామాలయం పక్క సందు, నీళ్ల ట్యాంకు ఎదురు" అన్న ఒక్క ముక్క బండిని ముందు చేరుస్తుంది. వీధి చివర ఒకరిని నిలబెట్టండి.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకబారినా, ముఖం ఉబ్బినా నొప్పుల కోసం ఎదురుచూడొద్దు. రెండో కాన్పు తొలి కాన్పు కన్నా చాలా త్వరగా అవుతుంది. "మొదటిసారి పన్నెండు గంటలు పట్టిందిగా" అని కూర్చున్నవాళ్లకే బండిలో కాన్పులయ్యేది.

సంచిలో ఉండాల్సినవి: ఎంసీపీ కార్డు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, పాసుబుక్కు మొదటి పేజీ రెండేసి జిరాక్సులు, ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలు గుడ్డలు నాలుగైదు, ప్యాడ్లు, ముందు తెరుచుకునే నైటీలు రెండు, గ్లాసు, ఫోన్ ఛార్జర్. ఎనిమిదో నెలలోనే సర్ది తలుపు పక్కన పెట్టేయండి.

పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చారు. అప్పుడేం చూసుకోవాలి?

మూడు విషయాలు. రిఫరల్ చీటీ మీద కారణం, ఏ ఇంజెక్షన్ ఎన్ని గంటలకు ఇచ్చారో రాయించండి. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ సంగతి అవతలి డాక్టరుకు తెలియకపోతే మళ్లీ ఇచ్చే ప్రమాదం, లేదా ఇవ్వకుండా వదిలేసే ప్రమాదం ఉంది. రెండోది, అవతలి ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పమని అడగండి. మూడోది, బండి వాళ్లే ఏర్పాటు చేయాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి, అక్కడి నుంచి మూడోదానికి తిప్పడంలోనే ప్రాణాలు పోతాయి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే చేతిలో ఉండేది రెండు గంటల వ్యవధి మాత్రమే. మొదటి ఆసుపత్రి దాటేలోపే "అక్కడ రక్తం ఉందా, మత్తు డాక్టరు ఉన్నారా" అని ఫోన్‌లో కనుక్కోమనండి.

రక్తం ఇస్తేనే ఎక్కిస్తామంటున్నారు. నిజమేనా?

గర్భిణికి, బాలింతకు రక్తం ఉచితం. బదులు రక్తం ఇస్తేనే అన్న షరతు పెట్టకూడదు. అలాగని ఇంట్లో మగవాళ్లు ఆసుపత్రి గేటు దగ్గరే చల్లగా జారుకోవడమూ బాగుండదు. నిల్వ ఎవరో ఒకరు ఇస్తేనే ఉంటుంది. అరుదైన గ్రూపయితే ఎనిమిదో నెలలోనే ఇద్దరు దాతల ఫోన్ నంబర్లు కార్డు వెనక రాసి పెట్టుకోండి.

ఆయాలు, వార్డు బాయ్‌లు డబ్బులడుగుతున్నారు. బయటి నుంచి మందులు తెమ్మంటున్నారు. ఎవరికి చెప్పాలి?

బాబు పుడితే ఇంత, పాప పుడితే ఇంత అని రేటు చెప్పడం చాలా చోట్ల ఉన్న జబ్బే. బిడ్డను చూపించే ముందు, స్ట్రెచర్ తోసేటప్పుడు, కుట్లు విప్పేటప్పుడు అడుగుతారు. సంతోషంగా ఇచ్చేదాన్ని ఎవరూ ఆపరు. ఇవ్వకపోతే బిడ్డను చూపించం అంటే అది లంచం.

డ్యూటీ డాక్టరుకు చెప్పండి. వినకపోతే ఆసుపత్రి పాలన చూసే ఆర్‌ఎంవో, సూపరింటెండెంట్. ఆ తర్వాత 104కు ఫోన్, జిల్లా వైద్యాధికారికి రాతపూర్వక ఫిర్యాదు, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. తెలంగాణలో అది ప్రజావాణి. లంచం విషయమైతే తెలంగాణ ఏసీబీ నంబరు 1064. తేదీ, వార్డు, షిఫ్టు సమయం, ఎంత అడిగారు అన్నవి రాసి ఉంటే ఫిర్యాదు నిలబడుతుంది. "అందరూ అడుగుతున్నారు" అంటే ఎవరి మీదా చర్య ఉండదు.

బయటి మందుల విషయంలో చీటీ పారేయకండి. మందు పేరు, డాక్టరు సంతకం ఉన్న చీటీ, షాపు బిల్లు రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. చీటీ లేకుండా నోటి మాటగా తెమ్మంటే, రాసివ్వమని మర్యాదగా అడగండి. రాసివ్వమనగానే ఆ మందు లోపలి స్టోరులో దొరికిన సందర్భాలు తక్కువేం కాదు.

సిజేరియన్ అవసరమని చెప్పారు. నమ్మాలా?

అనుమానం రావడంలో తప్పు లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో 81.5 శాతం, ప్రభుత్వంలో 44.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63, ప్రభుత్వంలో 26.6. దేశమంతా కలిపి చూస్తే 21.5. ఒకే రాష్ట్రంలో, అవే శరీరాలకు, గేటు మారితే రేటు దాదాపు రెట్టింపవుతోందంటే కారణం మొత్తం వైద్యంలోనే ఉందనుకోలేం. ముహూర్తం చూసి కోయించుకునే మోజు కూడా ఇందులో కలిసింది.

డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి: కారణం ఏమిటి, ఇంకా ఎంతసేపు ఆగవచ్చు, ఆగితే తల్లికో బిడ్డకో ఏం ప్రమాదం? బిడ్డ గుండె కొట్టుకోవడం తగ్గిందన్నా, మాయ అడ్డంగా ఉందన్నా, గర్భసంచి పాత కుట్టు దగ్గర నొప్పి ఉందన్నా వాదించకుండా సంతకం పెట్టండి. "నొప్పులు పడలేకపోతోంది, కోసేయండి" అని బంధువులే డాక్టరు మీద ఒత్తిడి తేవడం కూడా తరచూ జరిగేదే. తెలంగాణలో 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది ఈ పరిస్థితి మార్చాలనే. వాళ్లున్న చోట నడిపించి, కూర్చోబెట్టి, ఓపిగ్గా కాన్పు చేస్తారు. లేబర్ రూమ్‌లోకి తోడుగా ఒక ఆడమనిషిని పంపమని అడగొచ్చు, కేంద్ర మార్గదర్శకాల్లో అది ఉంది.

డబ్బు ఏ పథకం కింద ఎంత వస్తుంది?

జననీ సురక్షా యోజన, 2005 నుంచి ఉంది. మన రాష్ట్రాల్లో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, ఎస్సీ, ఎస్టీ తల్లులకు ఆసుపత్రి కాన్పయితే పల్లెలో 700, పట్టణంలో 600 రూపాయలు. కేంద్రం ఇచ్చే ఈ మొత్తం అన్నేళ్లుగా మారనేలేదు. ఇవాళ ఆటో కిరాయికి సరిపోతే గొప్ప.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన: మొదటి బిడ్డకు 5,000. గర్భం నమోదై, ఆరు నెలల్లోపు ఒక చెకప్ అయ్యాక 3,000. బిడ్డ పుట్టుక నమోదై, 14 వారాల టీకాలు పూర్తయ్యాక 2,000. 2022 ఏప్రిల్ నుంచి రెండో బిడ్డ ఆడపిల్లయితే ఒకేసారి 6,000. ఎస్సీ, ఎస్టీ, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఈ-శ్రమ్ కార్డు, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం, ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం, వీటిలో ఏ ఒక్క రుజువున్నా చాలు. బిడ్డ పుట్టిన 270 రోజుల్లోపు దరఖాస్తు పడాలి. గర్భం నిలవకపోతే తర్వాతి గర్భానికి మళ్లీ కొత్తగా పేరు ఎక్కించుకోవచ్చు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి తల్లికీ కనీసం 6,000 అంది. పథకం దాకా వచ్చేసరికి అది మొదటి బిడ్డకు, రెండోది ఆడపిల్లయితేనే అన్నదిగా కుదించుకుపోయింది.

తెలంగాణలో 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 నాలుగు విడతల్లో, పైగా 16 వస్తువుల కిట్టు, రెండు కాన్పుల వరకు. దానివల్ల మాతృ వందన అక్కడ చాలాకాలం అమలు కాలేదు. తర్వాత కిట్టు పేరు ఎంసీహెచ్ కిట్‌గా మారింది. నగదు విడతల సంగతి మాత్రం ఈ పూట ఎలా ఉందో ఏఎన్‌ఎంను అడిగే ఆశ పెట్టుకోండి. ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేయకండి.

ఎక్కువమంది మరిచేవి ఇంకో రెండున్నాయి. భవన నిర్మాణ కార్మికుల లేబర్ కార్డు రెన్యూవల్‌లో ఉంటే తెలంగాణలో కాన్పుకు 30,000 వస్తుంది, మేస్త్రీ భార్యకూ వర్తిస్తుంది. జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కట్టే ఉద్యోగినికి, అవసరమైనంత చందా, అంటే 70 రోజులు, కట్టి ఉంటే 26 వారాల వేతనం వస్తుంది. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, మాల్స్‌లో, సెక్యూరిటీ పనుల్లో ఉన్న అమ్మాయిలు మానేయమన్న సూపర్‌వైజర్ మాట విని రాజీనామా రాసిచ్చే ముందు ఈ లెక్క చూసుకోవాలి. వేలల్లో తేడా వస్తుంది.

అన్నీ ఇచ్చాం, డబ్బు పడలేదు. ఎక్కడ ఆగింది?

ముందు బ్యాంకుకు వెళ్లి "ఆధార్‌కు ఈ ఖాతా ఎన్‌పీసీఐలో లింకయిందా" అని అడగండి. ఆధార్ నంబరు ఖాతాకు ఇవ్వడం వేరు, నగదు బదిలీకి మ్యాప్ అవడం వేరు. డబ్బు చివరగా మ్యాప్ చేసిన ఖాతాకే పోతుంది. ఉపాధి హామీ కోసం ఎప్పుడో తెరిచి మరిచిన పోస్టాఫీసు ఖాతాలో పడి ఉన్న సందర్భాలు బోలెడు.

తర్వాత పేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాసుబుక్కులో అత్తింటి ఇంటిపేరు, కార్డు మీద ముద్దుపేరు ఉంటే కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. ఆధార్‌లో ఉన్నదే అన్నిచోట్లా రాయించండి. భర్తతో ఉమ్మడి ఖాతా, చాలాకాలంగా వాడక స్తంభించిన ఖాతా కూడా ఆపేస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే టీకా తేదీ ఆన్‌లైన్‌లో ఎక్కలేదేమో చూడమని ఏఎన్‌ఎంను అడగండి. కార్డు మీద పెన్నుతో రాసినంత మాత్రాన పోర్టల్‌లో ఉన్నట్టు కాదు.

ఆరోగ్యశ్రీ కార్డుతో ప్రైవేటులో ఉచితంగా కాన్పు చేయించుకోవచ్చా?

మామూలు కాన్పుకు ఆ ఆశ పెట్టుకోకండి. క్లిష్టమైన కేసు అయితే చేరకముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్య మిత్రను కలిసి, మీ సమస్యకు అప్రూవల్ వస్తుందో లేదో అడగండి. చేరాక అడిగితే అడ్వాన్సు కట్టేసి ఉంటారు.

కాన్పయిన రోజే ఇంటికి వెళ్లిపోవచ్చా?

కనీసం 48 గంటలు ఉండాలి. రక్తస్రావం, ఫిట్స్, బిడ్డకు ఊపిరి ఇబ్బంది ఎక్కువగా బయటపడేది అప్పుడే. గంటలోపు ముర్రుపాలు పట్టించండి. తేనె, చక్కెరనీళ్లు వద్దు. బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బీ సూది పడ్డాయో లేదో కార్డులో చూడండి. బరువు తక్కువ, నెలలు నిండని బిడ్డలను నవజాత శిశువుల ప్రత్యేక వార్డయిన ఎస్‌ఎన్‌సీయూలో ఉంచుతారు. ప్రైవేటులో రోజుకు వేలు తీసుకునే సేవ అక్కడ ఉచితం.

ఇంటికొచ్చాక ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి. జ్వరం, చెడువాసన, కాలిపిక్క నొప్పి, గంటకు ప్యాడ్ తడిసిపోవడం, వీటిలో ఏదున్నా మళ్లీ 108.

దారిలోనో, ఇంట్లోనో కాన్పు అయిపోయింది. ఇక ఆసుపత్రి ఎందుకు?

మాయ ముక్క లోపల ఉండిపోయిందేమో చూడాలి, బిడ్డకు టీకాలు పడాలి, పుట్టుక నమోదవ్వాలి. బొడ్డు మీద పసుపు, బూడిద పెట్టకండి. బిడ్డను తుడిచి తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి ఇద్దరికీ గుడ్డ కప్పి 108లో బయల్దేరండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఇంటి కాన్పయినా జననీ సురక్షా కింద 500 ఉంది.

మాది ఏజెన్సీ ఊరు, బండి రాదు. డోలీ ఒక్కటే దారి.

అలాంటప్పుడు నొప్పులు వచ్చే దాకా కొండమీద ఉండకపోవడమే మార్గం. సాలూరు లాంటి చోట్ల గిరిజనుల అభివృద్ధి సంస్థ అయిన ఐటీడీఏ గర్భిణుల వసతి గృహాలు నడుపుతోంది. కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండొచ్చు, తిండి, చెకప్‌లు అక్కడే. ఇంట్లో పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారన్నదే అసలు అడ్డంకి. వెంట తెచ్చుకోవచ్చా అని ఏఎన్‌ఎంతో ముందే మాట్లాడుకోండి. వానాకాలంలో తేదీ పడితే వాగు పొంగకముందే దిగాలి.

ఇటుక బట్టీలో పనికి వచ్చాం, మాది ఒడిశా. ఇక్కడ చూస్తారా?

చూస్తారు. సేవ మొత్తం ఉచితం, టీకాలతో సహా. పాలమూరు నుంచి ముంబై పోయినవాళ్లకూ అక్కడ ఇదే వర్తిస్తుంది. సొంతూరి ఆర్‌సీహెచ్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. నగదు మాత్రం నమోదైన చోటి నుంచి అడగాల్సి రావచ్చు.

బర్త్ సర్టిఫికెట్ ఎలా?

ఆసుపత్రిలో పుడితే వివరాలు ఆసుపత్రే పంపుతుంది. డిశ్చార్జికి ముందు తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ ఆధార్ ప్రకారం ఉందో లేదో చూసి సంతకం పెట్టండి. ఆ ఒక్క నిమిషం వదిలేస్తే తర్వాత మున్సిపాలిటీ చుట్టూ నెలలు తిరగాలి. ఇంట్లో పుడితే 21 రోజుల్లోపు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో చెప్పాలి, అప్పటిదాకా ఫీజు లేదు. బిడ్డ పేరు పెట్టకపోయినా నమోదు ఆపొద్దు, ఏడాదిలోపు ఉచితంగా చేర్చుకోవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి, ఆధార్, పాస్‌పోర్టు అన్నింటికీ పుట్టిన తేదీ రుజువు ఇదే.